సంతకం ఒకరిది, చేతిరాత ఇంకొకరిది

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది కడప జిల్లా. బీపీటీ పూర్తిచేసి ఆరేళ్లయింది. నాలుగేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఒక ఎముకల డాక్టరుగారు వారానికి రెండు సాయంత్రాలు వస్తారు. మిగతా రోజులకని ఆయన తన ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ మీద పాతిక కాగితాల దాకా ఖాళీగా సంతకం పెట్టి, స్టాంపు వేసి వెళ్తారు. నొప్పి తట్టుకోలేకపోతున్నామన్న వాళ్లకు నేనే ఆ కాగితం మీద నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, కండరాలు వదులయ్యే మాత్ర రాసిస్తాను. మొదట్లో ఫోన్ చేసి అడిగి రాసేదాన్ని. ఇప్పుడు అడిగితే "నీకు తెలుసు కదమ్మా, రాసేయ్" అంటున్నారు. నాతో చదివిన అమ్మాయి ఇంగ్లండులో ఫిజియోనే, తన పేరు మీదే మందులు రాస్తుంది. మా ఊళ్లో ఇంటర్ తప్పిన ఆర్‌ఎంపీ సెలైన్లు ఎక్కిస్తాడు. నాలుగున్నరేళ్లు చదివిన నేను డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర ఒకటి రాయకూడదా? మన దేశంలో మాకూ ఆ హక్కు ఇవ్వాలంటారా, వద్దంటారా? అది వచ్చేలోగా నేను చేస్తున్నది తప్పా? తప్పయితే మా ఓనరుకు ఏం చెప్పాలి? పేరు వెయ్యకండి.

జవాబు: నువ్వు నా కూతురికన్నా చిన్నదానివి. "మీరు" అంటే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది, "నువ్వు" అనే అంటాను, ఏమీ అనుకోకు.

నువ్వు అడిగిన వరస తిరగేసి చెప్తాను. తప్పే. రేపు పొద్దున క్లినిక్‌కు వెళ్లాక ఆ కాగితాల మీద ఒక్క అక్షరం కూడా రాయకు. హక్కు సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. అందులో నేను చాలావరకు నీ వైపే. కానీ ఆ హక్కు కోసం అడగడం ఒకటి, ఇంకొకరి సంతకం కింద దాక్కుని రాయడం ఒకటి.

నేను డాక్టరును కాను, లాయరునూ కాను. అనంతపురం నుంచి డీఫార్మ్ సర్టిఫికెట్టు చేత్తో పట్టుకుని బెంగళూరు వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రి మందుల కౌంటరు వెనక నిలబడ్డదాన్ని. మందుల చీటీని అద్దం ఇవతలి వైపు నుంచి చూసిన మనిషిని. అక్కడి నుంచి చూస్తే నీ కాగితం ఎలా ఉంటుందో ముందు చెప్పనీ.

డాక్టర్ల చేతిరాత మీద అందరూ జోకులు వేస్తారు గానీ మాకది ముఖం గుర్తుపట్టినట్టే. రోజుకు రెండుసార్లు అని చెప్పే "బీడీ" అక్షరాలు ఏ డాక్టరు ఎలా రాస్తాడో, ఎవరు అంకె కింద గీత గీస్తారో ఆరు నెలల్లో కంఠతా వచ్చేస్తుంది. ఖాళీ సంతకాల ప్యాడ్ నుంచి వచ్చిన చీటీని పట్టుకోవడం ఏమంత కష్టం కాదు. రాత ముత్యాల్లా గుండ్రంగా ఉంటుంది, కింద సంతకం మాత్రం పరుగు తీస్తుంటుంది. పైన నల్ల ఇంకు, కింద నీలం ఇంకు. ఇంకొకటి ఉంది. పాతిక సంతకాలు ఒకే ఊపులో పెట్టే చెయ్యి అలిసిపోతుంది. మొదటి కాగితం మీద పూర్తి పేరుంటుంది, పదోది వచ్చేసరికి సగమే, ఇరవయ్యోది ఒట్టి వంకర గీత. ఒక్కోసారి పై కాగితం మీద నొక్కి పెట్టిన సంతకం అచ్చు కింది కాగితం మీద కూడా పడి ఉంటుంది, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కనిపిస్తుంది. ఇవన్నీ చూసి కూడా మేము మందులు ఇచ్చేస్తాం. ఎందుకంటే వెనక క్యూ ఉంటుంది.

పన్నెండు, పదమూడేళ్ల కిందటి మాట. ఆసుపత్రి పేరు వద్దు. చింతామణి దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, టమాటా పండించే మనిషి. అటువైపు వాళ్లది మన తెలుగే, కాస్త కన్నడం పొడి చల్లినట్టుంటుంది. నడుం నొప్పి. చీటీలో డైక్లోఫెనాక్ పూటకొకటి చొప్పున రోజుకు రెండు, పదిహేను రోజులకు. పక్కన పరగడుపున పాంటోప్రజోల్, అంటే గ్యాస్ మాత్ర. డబ్బులు తీద్దామని ఆయన ప్లాస్టిక్ కవరు కౌంటరు మీద బోర్లించాడు. చిల్లర, బస్సు టికెట్టు, వాటితో పాటు సగం వాడిన ఒక షీటు. టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీటి మాత్ర కలిసిన బీపీ మాత్ర. చూశాను. చీటీలో రాత తేడాగా ఉందని కూడా చూశాను. "తల్లీ, ఇవి తింటే మళ్లా వంగి కాయలు కొయ్యొచ్చునా?" అని అడిగాడు. కొయ్యొచ్చు అన్నాను. ముప్పై మాత్రలు లెక్కపెట్టి ఇచ్చాను.

మూడు వారాలకు ఆయన కొడుకు వచ్చాడు, చేతిలో ల్యాబు రిపోర్టుతో. కాళ్లు వాచాయి, మూత్రం తగ్గిపోయింది, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ నాలుగు దాటింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. డయాలసిస్ దాకా పోలేదు గానీ కిడ్నీ పూర్తిగా పాత స్థితికీ రాలేదు. విషయం పైకి వెళ్లాక చీటీ బయటికి తీశారు. డాక్టరు చూసి "ఇది నా రాత కాదు" అన్నాడు. నిజమే, కాదు. రాసింది పక్క గదిలో విరిగిన ఎముకలకు ప్లాస్టర్ కట్లు కట్టే కుర్రాడు, నీలాగే "నీకు తెలుసు కదరా" అనిపించుకున్నవాడు. వాడి ఉద్యోగం ఆ వారమే పోయింది. డాక్టరు ఇప్పటికీ ప్రాక్టీసులో ఉన్నాడు. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, కాగితం ప్రకారమే ఇచ్చాను కదా.

ఆ పెద్దాయన ఒంట్లో జరిగింది ఏమిటంటే, కిడ్నీ లోపల వడపోతకు రక్తం తెచ్చే సన్నని నాళం ఒకటి, తీసుకుపోయేది ఒకటి ఉంటాయి. టెల్మిసార్టాన్ జాతి బీపీ మాత్ర బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. నీటి మాత్ర ఒంట్లోని నీటినే తగ్గిస్తుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర లోపలికొచ్చే నాళాన్ని బిగిస్తుంది. ఒక్కొక్కటిగా అయితే కిడ్నీ సర్దుకుంటుంది. కాలువకు మూడు చోట్లా ఒకేసారి అడ్డం పడితే మడికి నీళ్లెక్కడివి? గ్యాస్ మాత్ర జోడించాం కదా అంటావేమో. అది కాసేది కడుపును, కిడ్నీని కాదు. మన దగ్గర నొప్పి మాత్ర పక్కన పాంటోప్రజోల్ రాసేస్తే దిష్టి తీసేసినట్టు భావిస్తారు, డాక్టర్లు కూడా. కండరాల మాత్రతో ఇంకో బాధ, ముసలివాళ్లను అది మగతలో పెడుతుంది, రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పడేస్తుంది. పడి తుంటి విరిగితే మళ్లీ నీ దగ్గరికే వస్తారు.

నీకు ఫార్మకాలజీ రాదని అనడం లేదు. బీపీటీలో అదొక పేపరు. నిజం చెప్పు, పరీక్ష రాసిన మర్నాటి నుంచి ఇప్పటిదాకా ఆ పుస్తకం ఎన్నిసార్లు తెరిచావు?

ఇక చట్టం. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 1940లోది, దాని కింద నిబంధనలు 1945లో వచ్చాయి. డైక్లోఫెనాక్ షీటు వెనక్కి తిప్పి చూడు, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటుంది, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టిషనర్ చీటీ మీదే అమ్మాలని. ఆ చీటీ ఎలా ఉండాలో 65వ నిబంధన చెప్తుంది. రాసిచ్చే మనిషే తన మామూలు సంతకం పెట్టాలి, తేదీ కూడా తనే వెయ్యాలి. రోగి పేరు, చిరునామా, మొత్తం ఎన్ని మాత్రలు, ఎంత మోతాదు అన్నీ ఉండాలి. నువ్వు వేస్తున్న తేదీ ఒక్కటి చాలు ఆ కాగితం చెల్లదనడానికి. వైద్యుడిగా పేరు నమోదు కాకుండా వైద్యం చేస్తే, 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీం కోర్టు, హోమియో చదివి అల్లోపతి మందులిచ్చిన డాక్టరు విషయంలో, తనకు అర్హత లేని పద్ధతిలో మందివ్వడమే నిర్లక్ష్యం, దానికి వేరే రుజువు అక్కర్లేదంది. అక్కడ ఉన్నది రిజిస్టరయిన హోమియో డాక్టరు. ఫిజియోకు ఇంకెంత ఆసరా ఉంటుందో నువ్వే లెక్క వేసుకో.

మీ ఊరి ఆర్‌ఎంపీ మాట ఎత్తావు కదా. నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది అక్కడే. చట్టంలో ఆ మూడక్షరాలకు అర్థం రిజిస్టరయిన వైద్యుడు. మన పల్లెల్లో ఆ మూడక్షరాలకు అర్థం రిజిస్టరు కాని వైద్యుడు. అతను సెలైన్ పెడుతున్నాడంటే అతనికి హక్కుందని కాదు, రాత్రి పదింటికి తలుపు తట్టడానికి ఊళ్లో ఇంకో గుమ్మం లేదని. మారతహళ్లిలో ఆ సాకు కూడా లేదమ్మా. రోడ్డుకు ఇటు నలుగురు, అటు నలుగురు డాక్టర్లున్నారు.

ఇప్పుడు ఇంగ్లండు. నీ స్నేహితురాలు రాస్తోంది, నిజమే. ఎలా రాయగలుగుతోందో కూడా అడగాల్సింది. ఆ కథ మొదలైంది నీ క్లినిక్‌లాంటి చోటే. అక్కడ ఇంటింటికీ తిరిగి పుళ్లకు కట్లు కట్టే నర్సులు కట్టుబట్ట కోసం కూడా డాక్టరు సంతకానికి కాచుకు కూర్చునేవారు. పుండు చూసేది నర్సు, ఏ కట్టు కావాలో తెలిసేది నర్సుకు, సంతకం మాత్రం పుండు చూడని డాక్టరుది. 1986లో జూలియా కంబర్లెజ్ నాయకత్వంలో వచ్చిన నివేదిక ఈ తతంగాన్ని ఎత్తిచూపి, కొద్దిపాటి జాబితా మేరకు నర్సులనే రాయనివ్వండి అంది. 1992లో చట్టం చేశారు. 1994లో కొన్నిచోట్ల మొదలుపెట్టి చూశారు. 2003లో నర్సులూ ఫార్మసిస్టులూ, 2005లో ఫిజియోలూ, పాదవైద్యులూ, రేడియోగ్రాఫర్లూ అనుబంధ ప్రిస్క్రైబర్లయ్యారు. అంటే డాక్టరు రోగిని చూసి, ఈ మనిషికి ఈ మందులు ఈ హద్దుల మధ్య అని ఒక పథకం రాస్తే, ఆ హద్దుల లోపల వీళ్లు పెంచొచ్చు, తగ్గించొచ్చు, మార్చొచ్చు. సొంతంగా రాసే హక్కు ఫిజియోలకు 2013లో గానీ రాలేదు. కట్టుబట్టతో మొదలై ఇక్కడికి రావడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది.

అదైనా డిగ్రీతో పాటు చేతికొచ్చేది కాదు. కొన్నేళ్ల అనుభవం ఉండాలి, డిగ్రీ తర్వాత దీనికోసం విడిగా కోర్సు చెయ్యాలి, పర్యవేక్షణలో సుమారు 90 గంటలు రోగుల మధ్య రాయడం నేర్చుకోవాలి. అన్నీ అయ్యాక రిజిస్టరులో ఆమె పేరు పక్కన "ఈమె మందులు రాయగలదు" అని విడిగా గుర్తు పడుతుంది. ఆ గుర్తు లేని ఫిజియోలు అక్కడ కోకొల్లలు. మత్తు, అలవాటు భయంతో గట్టి కట్టడిలో పెట్టిన నియంత్రిత మందుల్లో ఫిజియో సొంతంగా రాయగలిగేవి ఏడంటే ఏడు, మార్ఫిన్, డయజెపామ్ వంటివి. ఇంకో సంగతి విను. 2016లో క్యాన్సరుకు రేడియేషన్ ఇచ్చే రేడియోగ్రాఫర్లకు సొంత హక్కు ఇచ్చారు, స్కానులు తీసే రేడియోగ్రాఫర్లకు ఇవ్వలేదు. డైటీషియన్లకు అనుబంధ హక్కుతో సరిపెట్టారు. అలైడ్ హెల్త్ వాళ్లందరూ, అంటే డాక్టర్లూ నర్సులూ కాని ఇలాంటి వైద్య సిబ్బంది అంతా, ఒకటే గంప అని అక్కడివాళ్లు అనుకోలేదు. రోజూ చేసే పనిలో మందు మార్చాల్సిన అవసరం ఎవరికి నిజంగా వస్తుందో చూసి, వాళ్లకే ఇచ్చారు.

మన దగ్గర 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం వచ్చింది. అందులో నిన్ను ఒట్టి సహాయకురాలిగా చూడలేదు, కనీసం 3600 గంటల చదువున్న హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌గా చూశారు. అది చిన్న గౌరవం కాదు. కానీ ఆ చట్టం చీటీ రాసే హక్కు ఇవ్వలేదు. 2019 మెడికల్ కమిషన్ చట్టంలో 32వ సెక్షన్ ఒకటుంది, కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లని, ప్రాథమిక వైద్యంలో కొన్ని మందులు సొంతంగా రాయగలిగేలా పరిమిత లైసెన్సు గురించి. ఆ ఏడాది జులై 31న డాక్టర్లు దేశమంతటా ఒకరోజు సమ్మె చేసిన కారణాల్లో అదీ ఒకటి. వాళ్ల అభ్యంతరంలో కొంత స్వార్థం ఉంది, కొంత నిజమైన భయమూ ఉంది. ఏది ఎంతో నేను తూకం వెయ్యను, కౌంటరు దగ్గర రెండూ చూశాను.

ఇవ్వాలా వద్దా అంటే, నా మాట ఇది. ఇవ్వాలి. కానీ సొంత హక్కుతో మొదలుపెట్టకూడదు, అనుబంధ హక్కుతో మొదలుపెట్టాలి. మనకు అది పూర్తిగా కొత్త కూడా కాదు. ఆయుష్మాన్ ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ బీపీ, షుగరు రోగులకు మెడికల్ ఆఫీసరు మొదలుపెట్టిన మందులను నెలనెలా కొనసాగిస్తుంది కదా. అదే దారిలో ఫిజియోను నడిపించొచ్చు. డాక్టరు ఒకసారి రోగిని చూసి, కిడ్నీ, కడుపు, గుండె సంగతులు చూసుకుని పథకం రాస్తే, ఆ తర్వాత పారాసిటమాల్ ఎంత, నొప్పి మాత్ర ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపాలి అన్నది నువ్వు నిర్ణయించొచ్చు. ముఖ్యంగా ఆపడం. డాక్టరు రోగిని ఐదు నిమిషాలు చూస్తాడు. నువ్వు నలభై నిమిషాల చొప్పున పది రోజులు చూస్తావు. నాలుగో రోజుకే నొప్పి సగం తగ్గిందని నీకు తెలుసు, చీటీకి తెలియదు, అది పదిహేను రోజులూ మింగిస్తుంది. ఫిజియోకు హక్కిస్తే మందుల వాడకం పెరుగుతుందని భయపడేవాళ్లు ఈ వైపు చూడరు.

ట్రమడాల్, ప్రెగాబలిన్ లాంటి, అలవాటు పడే భయమున్న నొప్పి మందులు మాత్రం నేను ఇప్పట్లో మీ జాబితాలో పెట్టను. ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు, ఊరికే తేలేదు. ఇంకో షరతు కూడా పెడతాను. మందులు రాసే చెయ్యి, మందులమ్మే గల్లా ఒకే గుమ్మంలో ఉండకూడదు. మీ క్లినిక్ పక్క షట్టర్‌లో మెడికల్ షాపుందా? ఉంటే అది ఎవరిదో కనుక్కో. హక్కు వచ్చిన మర్నాడే మీ బెంచీ మీద మెడికల్ రెప్ బ్యాగు పెట్టుకుని కూర్చుంటాడు, పెన్నులూ డైరీలూ పట్టుకుని. డాక్టర్లకు అది ముప్పై ఏళ్ల అలవాటు, మీకు కొత్త.

అసూయ కొంచెం నాకూ ఉంది, దాచను. ఇంగ్లండులో అందుకు విడిగా అర్హత పొందిన ఫార్మసిస్టుకు 2006 నుంచి సొంతంగా రాసే హక్కుంది. ఇక్కడ చీటీలో ఉన్న బ్రాండు లేకపోతే, అదే మందు, అదే మోతాదు వేరే కంపెనీది నా చేతిలో ఉన్నా, డాక్టరు మాట లేకుండా మార్చి ఇచ్చే అధికారం నాకు లేకుండానే రిటైరయ్యాను. అందుకే నీ కడుపుమంట నాకు అర్థమవుతుంది.

సరే, ఈ వారం ఏం చెయ్యాలో చూద్దాం.

ఓనరు దగ్గరికి "తప్పు చేస్తున్నారు" అంటూ వెళ్లకు. పని ఆగకుండా ఇంకో దారి పట్టుకుని వెళ్లు. ఆ దారి ఉంది కూడా. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో, రోగి పక్కన ఆరోగ్య కార్యకర్త ఉండి డాక్టరుతో మాట్లాడించే పద్ధతి ఒకటుంది. ఆ కార్యకర్త ఎవరెవరు కావచ్చో చెప్పినచోట నర్సులతో పాటు అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్స్ మాట స్పష్టంగా ఉంది. అంటే డాక్టరు జయనగర్‌లో ఉన్నా, సిల్కుబోర్డు ట్రాఫిక్‌లో కారు పక్కకు ఆపుకున్నా, నువ్వు రోగిని కూర్చోబెట్టి వీడియో కలపొచ్చు. నువ్వు చూసింది చెప్తావు, ఆయన అడగాల్సినవి అడుగుతాడు, చీటీ ఆయనే రాసి, సంతకం చేసి పంపిస్తాడు. తొలిసారి ఏవి రాయొచ్చు, ఫాలో-అప్‌లోనే ఏవి రాయాలి అనే జాబితాలు ఆ మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. షెడ్యూల్ హెచ్ కన్నా గట్టి కట్టడి ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులూ, మత్తుమందుల చట్టం కింద ఉన్నవీ ఫోనులో అసలే కుదరవు. ఇది పూర్తిగా చట్టం లోపలి పని.

ఓనరుతో ఇలా అను. "సార్, ఖాళీ సంతకాల మీద నేనిక రాయను. రేపు ఎవరికైనా ఏదైనా అయితే డాక్టరుగారి రిజిస్ట్రేషనుకూ ముప్పే, క్లినిక్‌కూ ముప్పే. ఆయన రాని రోజుల్లో వీడియోలో చూపిద్దాం. వివరాలన్నీ నేను ముందే రాసి పెడతాను, ఆయనకు ఐదు నిమిషాలు చాలు." ఆయన "బెంగళూరంతా ఇంతేనమ్మా" అంటాడు. అననీ. "అవును సార్, కానీ రాత నాది" అని చెప్పి ఊరుకో. వాదన పెంచకు. ఉద్యోగం పోవచ్చు, పోదని నేను హామీ ఇవ్వలేను. అందుకే ఆ మాట ఎత్తేముందు రెండు పనులు చేసి పెట్టుకో. నీ అనుభవ సర్టిఫికెట్టు ఏదో వంకతో అడిగి తీసుకో. డాక్టరు "రాసేయ్" అని వాట్సాప్‌లో పెట్టిన మెసేజీలు ఏమైనా ఉంటే చెరిపెయ్యకు.

వీడియో కలిపేముందు నువ్వు రాసి పెట్టే కాగితం గురించి ఒక మాట. అది నీ పేరు మీద, నీ సంతకంతో రాయి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉదాహరణకు ఇలా. "62 ఏళ్ల ఆవిడ, కుడి భుజం బిగిసి మూడు నెలలు. చెయ్యి 90 డిగ్రీలు దాటి లేవడం లేదు. రాత్రి నొప్పికి నిద్ర లేదు, నొప్పి పదికి ఏడు అంటున్నారు. షుగరు పదేళ్లుగా, మెట్‌ఫార్మిన్. బీపీకి టెల్మిసార్టాన్. క్రియాటినిన్ ఏడాదిగా చూపించుకోలేదు. నొప్పి కొంత తగ్గితే వ్యాయామం ముందుకు సాగుతుంది. మీ సలహా కావాలి." ఇది చదివిన ఏ డాక్టరూ కళ్లు మూసుకుని రోజుకు రెండు డైక్లోఫెనాక్ రాయడు. మందుల పేరు నువ్వు రాయకుండానే మందుల చీటీని మార్చగలిగావు, చూశావా?

దీనికోసం రోగులను మొదటిరోజే ఇంట్లోని మందులన్నీ సంచీలో వేసుకుని రమ్మను. పేర్లు అడిగితే "తెల్లటి చిన్న బిళ్ళ" అంటారు. సంచీ బోర్లిస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆయుర్వేదం పొట్లాలు కూడా తెమ్మను, మోకాళ్ల నొప్పికని పేరు లేని చూర్ణాలు మింగేవాళ్లు మనలో ఎక్కువ. అల్ట్రాసౌండ్ హెడ్డు కింద జెల్ పూసేటప్పుడు కూడా అందులో డైక్లోఫెనాక్ ఉందేమో చూసుకో, నొప్పి మాత్రలు పడక దద్దుర్లొచ్చినవాళ్లూ ఆయాసం వచ్చినవాళ్లూ ఉంటారు.

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది మాత్రం ఇది. గత రెండు నెలల్లో నువ్వు రాసిచ్చిన వాళ్ల జాబితా ఈ రాత్రే కూర్చుని తయారుచెయ్యి. అందులో అరవై దాటినవాళ్లు, బీపీకి నీటి మాత్ర కలిసినది వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, స్టెంటు వేయించుకుని రక్తం పల్చబడే మందు మీదున్నవాళ్లు, ఎప్పుడైనా కడుపులో పుండు వచ్చినవాళ్లు, గర్భిణులు, వీళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టు. ఆ జాబితా డాక్టరుకు పంపి, వీళ్లకు మీరు ఫోన్ చేసి మాట్లాడాలని అడుగు. ఆయన నానిస్తే నువ్వే ఫోన్ చెయ్యి. బీపీ మాత్ర ఆపమనీ ఇంకోటి మొదలుపెట్టమనీ చెప్పొద్దు, అది మళ్లీ చీటీ రాసినట్టే. "మా దగ్గర ఇచ్చిన నొప్పి మాత్రల చీటీ మీ బీపీ డాక్టరుకు ఇవాళే చూపించండి, చూపించేదాకా ఆ నొప్పి మాత్ర వేసుకోకండి. కాళ్లు వాచినా, మూత్రం తగ్గినా, మలం నల్లగా వచ్చినా చూపిద్దాంలే అనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి" అని చెప్పు. సిగ్గుగా ఉంటుంది. తిట్టేవాళ్లూ ఉంటారు. చాలామంది థాంక్స్ చెప్తారు, నన్ను నమ్ము. చింతామణి పెద్దాయనకు నాలుగో రోజునో ఐదో రోజునో ఎవరైనా ఇలాంటి ఫోన్ చేసి ఉంటే బాగుండేది.

మిగిలిన ఖాళీ కాగితాలు చించెయ్యకు, సొరుగులోనూ ఉంచకు. చించేస్తే ఎన్ని వాడావో రేపు ఎవరైనా ఎంతైనా చెప్తారు. డాక్టరుగారు వచ్చే సాయంత్రం వాటిని ఆయన ఎదుటే లెక్కపెట్టి, చేతికి ఇచ్చి, "ఇన్ని కాగితాలు తిరిగి తీసుకున్నాను" అని నీ ఫోనుకు ఒక మెసేజ్ పెట్టమను.